రాళ్లమలుపు దగ్గర పద్నాలుగో స్తంభం

ఉదయం ఏడున్నరకు రైలు గేటు దాటగానే యలమంద తన కోపాన్ని పిలుచుకున్నాడు.

అతని కోపం పేరు వీరాంజనేయులు. పెదనాన్న కొడుకు. ముప్పై ఏళ్ళ కిందట చేనుగట్టు జానెడు ఇవతలికి జరిపి, ఇదేంటని అడిగితే పదిమంది ముందు "నీ మొహానికి పొలం కూడానా" అన్న మనిషి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అయినా పాపం రోజూ రైలు గేటు దగ్గర యలమంద కోసం లేచి వచ్చి, ఆ మాట మళ్ళీ అని పోయేవాడు. అనగానే యలమంద చెవులు వేడెక్కేవి. అరచేతుల్లో చెమట పట్టేది. ఆటో హ్యాండిలుకు తొడిగిన నాడిపిడి ఆ చెమటను చదువుకుని జిల్లా కేంద్రానికి కబురు పంపేది: ఈ డ్రైవరుకు ఈ దారిలో ఏదో గిట్టడం లేదు.

గిట్టనిది ఏమిటో నాడిపిడికి తెలియదు. తెలుసుకునే ఏర్పాటు దానికి లేదు. అదొక మెత్తటి నల్ల తొడుగు, అంతే. బండి హ్యాండిలుకు, బస్సు కడ్డీకి, బడి తలుపుకు, రేషను కొట్టు గడియకు, మనిషి చెయ్యి పడే ప్రతి చోటా దాన్ని తొడిగారు. పట్టుకున్నవాడి నాడి, చెమట, వేళ్ళ బిగువు చూసి, ఆ మనిషి ఆ చోట హాయిగా ఉన్నాడా, లోలోపల ఉడుకుతున్నాడా అన్నది జిల్లా కేంద్రంలోని సమ్మతి గణకానికి చెబుతుంది. నోరు అబద్ధమాడుతుంది గానీ చెయ్యి ఆడదు అన్నారు దాన్ని తెచ్చినవాళ్ళు. అప్పటినుంచి అర్జీలు లేవు, ధర్నాలు లేవు, సంతకాల సేకరణలు లేవు. బడి గంట ఎన్నింటికి కొట్టాలి, సంత ఏ వారం పెట్టాలి, ఏ గుంట ముందు పూడ్చాలి, అన్నీ చేతులను బట్టే. మేలు జరగలేదని అనలేం. ఒక తరం పాటు నడుములు విరగ్గొట్టిన గుంటలు వారం రోజుల్లో పూడిపోయాయి. మధ్యలో డ్రైవర్లు లేకుండా వాటంతటవే తిరిగే బండ్లు వచ్చి కొన్నాళ్ళు ఊరేగాయి గానీ, పిడికి చేతులు కావాలి కదా. ప్రభుత్వమే ఆ బండ్లను మూలనపెట్టి, డ్రైవర్లను ఇళ్ళకు వెళ్ళి పిలిచి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ రోజు గాలిమెట్ట అడ్డరోడ్డు ఆటో స్టాండులో లడ్డూలు పంచారు. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఎందుకంటే ఆరు నెలల కిందట ఆ స్టాండు నెత్తి మీదికే పైవంతెన వచ్చిపడింది.

దాన్ని కట్టేది మనుషులు కాదు. మూడంతస్తుల ఎత్తున్న అల్లిక యంత్రం. ఎనిమిది కాళ్ళ మీద నిలబడి, కడుపులోంచి రాతిపోగు తీసి స్తంభాలు అల్లుకుంటూ పోతుంది. జనం దానికి సాలీడు అని పేరు పెట్టారు. రోజూ మధ్యాహ్నం సమ్మతి గణకం దానికొక రేఖ గీసి పంపుతుంది. డ్రైవర్ల చేతులు బిగిసిన చోటును తప్పించి, వదులుగా ఉన్న చోటు మీదుగా ఆ రేఖ పోతుంది. సాలీడు ఆ రేఖ మీద కాలు వేస్తుంది. పైవంతెన వస్తే పల్లెల జనం అడ్డరోడ్డులో దిగే పని లేకుండా పైపైనే పోతారు. పైగా మొదటి రేఖ ప్రకారం మూడు స్తంభాలు సరిగ్గా స్టాండు నడుమ దిగాలి. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదా అన్నారు డ్రైవర్లు.

అప్పుడు సువార్త అనే డ్రైవరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ముప్పై రెండేళ్ళ మనిషి, స్టాండుకు కార్యదర్శి, మాట కరుకు. రైలు గేటు నుంచి జిన్నింగ్ మిల్లు దాకా ప్రతి డ్రైవరూ కుతకుతలాడుతూ పోవాలన్నది ఆమె పెట్టిన కట్టుబాటు. ఉత్తినే వేళ్ళు బిగిస్తే పిడి నమ్మదు. దానికి నిజమైన కోపం కావాలి. కాబట్టి ఎవరి కోపాన్ని వాళ్ళు ఎంచుకోమంది. యలమంద వీరాంజనేయుల్ని ఎంచుకున్నాడు. సువార్త, తాను నెల తప్పినప్పుడు ఉట్టి మీది గుడ్లను లెక్కపెట్టి మరీ దాచిన అత్తగారిని ఎంచుకుంది. ఆ అత్తగారు బతికే ఉంది గనుక ఆమె కోపం రోజూ తాజాగా ఉండేది. కోపాన్ని ఇంట్లో పారేసుకోకూడదు, స్టాండుకు తేవాలి అని కూడా ఒక నియమం ఉండేది. ఆ ఆరు నెలలూ గాలిమెట్టలో మొగుడూ పెళ్ళాలు చాలా సఖ్యంగా ఉన్నారని చెప్పుకుంటారు.

ఉపాయం పారింది. రేఖ స్టాండు మీదినుంచి జరిగింది, తర్వాత కూరగాయల సంత మీదినుంచి జరిగింది. తమ కోపానికి రాయి పక్కకు తప్పుకుంటుందని తెలిసిన మనుషులు ఎలా ఉంటారో చూడాలంటే అప్పుడు అక్కడికి రావలసింది. యాభై ఎనిమిదేళ్ళ యలమంద కూడా, పిల్లలకు ఇప్పుడెవరూ పెట్టని పాతకాలపు పేరున్న యలమంద కూడా, ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఆ ఉదయం కూడా అలాగే వీరాంజనేయుల్ని తిట్టుకుంటూ రాళ్లమలుపు చేరాడు. మలుపు తిరిగేసరికి చెయ్యి దానంతటదే హ్యాండిలు వదిలి పైకి లేచింది. రేకుల షెడ్డు కింద కుండల వెనక కూర్చున్న సైదాబీ, చేతిలోని గరిటె పైకెత్తింది.

అది అక్కడి అలవాటు. ఒకప్పుడు సైదాబీ మొగుడితో కలిసి పంక్చర్లు వేసేది. మొగుడు పోయాడు, గాలి టైర్లు పోయాయి, షెడ్డు మాత్రం ఉంది. నాలుగు కుండల మజ్జిగ, మొహం కడుక్కోవడానికి ఒక తొట్టి, నడుం వాల్చడానికి ఒక బల్ల. ఆగే తీరిక ఉన్నవాడు ఆగుతాడు. లేనివాడు కుడిచెయ్యి పైకెత్తుతాడు. ఆమె గరిటె ఎత్తుతుంది. ఎవడి మొహమైనా బాగా లేకపోతే రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపి, తాళంచెవి లాక్కుని బల్ల మీద పడుకోమంటుంది. పదకొండేళ్ళ కిందట యలమంద భార్య నాంచారమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, భయానికి పట్టపగలే తాగి తూలుతూ బండెక్కిన యలమంద తాళం కూడా అలాగే లాక్కుంది. ఆ రోజే నాంచారమ్మ పోయింది. సైదక్క ఆ రోజు ఆపకపోతే నేనూ పోయేవాణ్ణని యలమంద వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు.

ఎత్తిన చెయ్యి దించబోతూ అతను బ్రేకు వేశాడు. షెడ్డు వెనక సాలీడు నిలబడి ఉంది. బల్ల నడుమ నీలి గుర్తు ఒకటి మెరుస్తోంది. దాని కింద అంకె: పద్నాలుగు.

"పొద్దున్నే వచ్చి ఈ గుర్తు పెట్టింది," అంది సైదాబీ. "కడగబోయా. పోవటం లేదు."

యలమంద మజ్జిగ తాగకుండానే బండి తిప్పాడు.

పైవంతెన పర్యవేక్షకురాలు హిమజ సాలీడు వెనకాలే ఒక గుడారంలో ఉండేది. ఆమెకు నిండా ముప్పై ఉండవు. మంచి అమ్మాయే. లోపలికొచ్చిన ప్రతివాడికీ కుర్చీ వేసేది. ఆ కుర్చీ చేతులకు కూడా నాడిపిడి ఉండేదనుకోండి, అది వేరే సంగతి. యలమంద కూర్చోకుండా నిలబడే అడిగాడు. ఆమె గాలిలో దారి పటం పరిచి చూపించింది. రైలు గేటు నుంచి మిల్లు దాకా దారంతా ఎర్రగా మండుతోంది. ఒక్క మలుపు దగ్గర మాత్రం చిన్న ఆకుపచ్చ చుక్క.

"ఈ దారి మొత్తంలో మీ చేతులు వదులైంది అక్కడొక్కచోటేనండీ," అంది హిమజ. "రోజుకు మూడు వందల సార్లు. కొందరైతే అక్కడ పిడి వదిలేస్తున్నారు కూడా. అంతకన్నా సమ్మతి ఇంకేం ఉంటుంది?"

"అది సమ్మతి కాదమ్మా. అక్కడ మా సైదక్క ఉంటది. ఆమెను చూసి చెయ్యెత్తుతాం."

"కావచ్చు. కానీ ఏది ఇష్టమో, ఏది ఒప్పుకోలో పిడికి తెలియదు కదండీ. దానికి వదులు వదులే."

అయితే ఆ మాట ఒక కాగితం మీద రాసి పైకి పంపమన్నాడు యలమంద. అర్జీలు తీసుకునే చోటు ఎత్తేసి పన్నెండేళ్ళయిందని, రాసినా చదివేవాళ్ళు లేరని ఆమె నొచ్చుకుంటూ చెప్పింది. గుర్తు పడ్డాక ఇరవై ఒక్క రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల చేతులు మారితే రేఖ మారుతుంది. మారకపోతే స్తంభం దిగుతుంది. అంతకుమించి తన చేతిలో ఏమీ లేదంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు.

స్టాండులో మాట తెలియగానే అందరూ తలలు పట్టుకున్నారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారే, అలా అయింది. దారి పొడవునా మంటలు పెట్టి, మంట లేని ఒకే ఒక్క చోటుకు సాలీడును తామే తోలారు. చివరికి సువార్తే లేచి, దీనికీ అదే మందు అంది. ఇరవై ఒక్క రోజులు మలుపు దగ్గర ఎవరూ చెయ్యెత్తకూడదు. ఎవరూ మజ్జిగకు ఆగకూడదు. అంతేకాదు, అక్కడ చేతులు బిగియాలి. అక్కడికొచ్చేసరికి అత్తగారూ వీరాంజనేయులూ పనిచేయరు, సైదాబీ మొహం కనపడగానే అవన్నీ ఎగిరిపోతాయి. కాబట్టి సైదాబీ మీదే కోపం తెచ్చుకోవాలి.

"ఆమె మీద కోపం ఏముంటదమ్మాయ్?" అన్నాడు యలమంద.

"వెతుక్కోవాల బాబాయ్," అంది సువార్త. "ఇరవై ఏళ్ళు మసిలిన మనిషి మీద ఒక్కటన్నా దొరకదా? దొరకలేదంటే మనం వెతకలేదనే."

తర్వాత ఒక పెద్దాయన, మజ్జిగలో ఈ మధ్య నీళ్ళు ఎక్కువయ్యాయని మెల్లగా అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకడు నవ్వకుండా, తాను తాగి ఉన్నానని తన పెళ్ళానికి ఫోను చేసి చెప్పింది ఆమేనన్నాడు. ఆ మాటకు నవ్వు ఆగిపోయింది. మరొకడు, తన తాళం లాక్కున్న రోజు పెళ్ళిబృందం బాడుగ పోయిందన్నాడు. తన కొడుకు మొహం బాగాలేదని నలుగురిలో అన్నందుకు కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయిందన్నాడు ఇంకొకడు. అడిగేవాడు లేక ఇన్నాళ్ళు లోపల పడి ఉన్నవన్నీ సాయంత్రానికల్లా స్టాండు నిండా పరుచుకున్నాయి. తమలో ఇన్ని కోపాలున్నాయని అక్కడ ఎవరికీ అంతకుముందు తెలియదు.

ఈ సంగతి ఆమెకు చెప్పకుండా చేయడం యలమందకు మనస్కరించలేదు. మర్నాడు వెళ్ళి చెప్పాడు. సైదాబీ మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత పగలబడి నవ్వింది. "తిట్టుకోండయ్యా, నాకేం పోయింది?" అంది. "షెడ్డు నిలబడిద్దంటే మూడు వారాలు తిట్లు తినలేనా? నా మొగుడు ఇరవై ఏళ్ళు తిట్టాడు." నవ్వు అయ్యాక బల్ల మీది నీలి గుర్తును కొంగుతో తుడుస్తూ, ఈ షెడ్డు పోతే మీరంతా ఎవరో నేనెవరో అంది. కూతురి దగ్గరికి పోయి కూర్చోవచ్చు గానీ, అక్కడ తలుపు తీసి చూస్తే గోడ తప్ప రోడ్డు కనపడదట.

పని మొదలైంది. మూడో రోజుకే చుక్క పచ్చదనం తగ్గిందని హిమజ చెప్పింది. వారానికి పసుపైంది. మలుపు దగ్గర ఆటోలు మొహాలు తిప్పుకుని వేగంగా పోయేవి. మొదట్లో కొందరు దాటిపోయాక వెనక్కి తిరిగి నవ్వేవారు. పదో రోజుకు ఆ నవ్వులూ తగ్గాయి. బాడుగ పోగొట్టుకున్నవాడు ఆమె షెడ్డు ముందు ఉమ్మేసి పోయాడని వినికిడి. అది పిడి కోసం కాదు, పిడికి ఉమ్ము తెలియదు.

ఒక్క యలమంద చెయ్యి మాత్రం మాట వినలేదు. వేళ్ళు బిగించేవాడు, వీరాంజనేయుల్ని మలుపు దాకా లాక్కొచ్చేవాడు, మజ్జిగ నీళ్ళ గురించి తలుచుకునేవాడు. కుండల వెనక ఆ తెల్ల తల కనపడగానే అరచేయి చల్లబడేది. రోజుకు పద్దెనిమిది సార్లు ఆ మలుపు తిరిగే బండి అతనిది, అక్కడ అందరికన్నా ఎక్కువ. పదిహేనో రోజున హిమజ లెక్కచూసి, ఎర్రబడడానికి ఇంక కొంచెమే తక్కువ, ఆ కొంచెం ఒక్క బండి దగ్గరే ఆగిపోయింది అంది. సువార్త అతన్ని పక్కకు పిలిచి నిలదీసింది. అందరం ఆమె కోసం ఆమెనే తిట్టుకుంటుంటే నువ్వొక్కడివి మంచివాడిలా మిగులుతానంటే ఎట్టా అంది. యలమందకు ఏడుపొచ్చింది. నాకు రావట్లేదమ్మాయ్, నన్నేం చెయ్యమంటావు అన్నాడు.

సువార్త ఆ సంగతి సైదాబీ దగ్గరికి పోయి చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. ఏం జరిగిందో తెలియకపోయినా, తను చెప్పడం వల్లే ఏదో చెడిందని తర్వాత చాలాకాలం బాధపడింది.

పదహారో రోజు మధ్యాహ్నం సైదాబీ రోడ్డుకు అడ్డంగా నిలబడి యలమంద బండి ఆపింది. బల్ల మీద కూర్చోమంది. నీలి గుర్తుకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. మజ్జిగ ఇవ్వలేదు. గరిటె కాడను ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది.

"నాంచారమ్మ పోయిన రోజు," అంది చివరికి. "నువ్వు ఈ బల్ల మీదే పడుకున్నావు. నీ ఫోను నా దగ్గరే ఉంది. ఒంటిగంటకు మోగింది. నేనే ఎత్తా."

యలమంద ఆమె వంక చూశాడు.

"నీ బామ్మర్ది. అక్కకు తెలివొచ్చింది, బావ ఏడని అడుగుతోంది, తొందరగా పంపించమన్నాడు."

ఆసుపత్రిలో నాంచారమ్మకు చివరిదాకా తెలివి రాలేదనే యలమంద పదకొండేళ్ళూ అనుకున్నాడు. బామ్మర్ది ఆ రోజు తర్వాత అతనితో మాట్లాడలేదు. తాగి పడి ఉన్నందుకు కోపమనుకున్నాడు గానీ, పిలిచినా రాలేదన్న కోపమని అతనికి తట్టలేదు.

"ఎందుకు లేపలే?" అన్నాడు.

"ఆ అవతారంలో నిన్ను చూస్తే ఆమె ప్రాణం ఏమైపోద్దో అనుకున్నా. గంటలో మత్తు దిగుద్ది, మొహం కడిగి నేనే ఎవరి బండన్నా ఎక్కించి పంపిద్దాం అనుకున్నా. గంటే అనుకున్నా తమ్ముడా. రెండున్నరకు లేపబోయా, నువ్వు లేవలే. మూడింటికి మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి ఎత్తలే."

సాలీడు షెడ్డు వెనక చప్పుడు లేకుండా నిలబడి ఉంది. రోడ్డు మీద ఒక ఆటో వేగంగా పోయింది, చెయ్యి ఎత్తకుండా.

"ఇన్నేళ్ళు దాచి, ఇప్పుడెందుకు చెప్తన్నావు?"

సైదాబీ తల ఎత్తలేదు. "నీ చెయ్యి బిగవటం లేదంట గా," అంది.

యలమంద లేచి బండెక్కాడు. మలుపు దాటేవరకు అతనికి ఏమీ అనిపించలేదు. జిన్నింగ్ మిల్లు దగ్గర తన చేతులవైపు చూసుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. హ్యాండిలు మీదినుంచి చెమట ఒళ్ళోకి కారుతోంది. ఆ రోజు ఇంకా తొమ్మిది సార్లు ఆ మలుపు తిరిగాడు. వీరాంజనేయులు అవసరం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. పాపం, ఆయనకు అప్పటికి విశ్రాంతి దొరికింది.

పంతొమ్మిదో రోజుకు చుక్క ఎర్రబడింది. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం సాలీడు షెడ్డు వెనకనుంచి ఒక్కొక్క కాలే తీసి, మిల్లు అవతలి చవిటి నేల మీదికి నడిచిపోయింది. ఆ దారి మైలు పొడవు ఎక్కువ. అక్కడ చేతులు లేవు, కాబట్టి కోపాలూ లేవు. బల్ల మీది నీలి గుర్తు దానంతటదే ఆరిపోయింది. స్టాండులో ఎవరో లడ్డూలు తెచ్చారు. సువార్త ఒకటి యలమంద చేతిలో పెట్టి, బాబాయ్ సాధించావు అంది. అతను దాన్ని తినలేదు, పారేయనూ లేదు. సాయంత్రం దాకా బండి ముందు పెట్టుకుని తిరిగాడు. యలమందకు ఏమైందో అతను ఎవరికీ చెప్పలేదు, సైదాబీ కూడా చెప్పలేదు.

ఎండాకాలం మొదట్లో పైవంతెన తెరిచారు. డ్రైవర్ల సమ్మతితో, ఒక్క అర్జీ లేకుండా, ఒక్క లాఠీ లేవకుండా, ఒక్క ఇల్లు కూలకుండా కట్టిన వంతెన అని దానికి మంచి పేరొచ్చింది. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. షెడ్డు చెక్కుచెదరలేదు. హిమజకు వేరే జిల్లాలో ఇంతకన్నా పెద్ద వంతెన ఇచ్చారు. పోయేముందు ఆమె సైదాబీ షెడ్డుకు వచ్చి మజ్జిగ తాగింది. నాలుగు కుండల్లో మూడు బోర్లించి ఉండటం చూసి, వేసవిలో ఇలా ఎందుకని అడిగిందట. సైదాబీ నవ్వి ఇంకో గరిటెడు పోసింది.

మొదటి వారం డ్రైవర్లు ఆగాలనే అనుకున్నారు. సువార్త రెండుసార్లు ఆగింది కూడా. ఆగినవాళ్ళకు మాట కుదరలేదు. ఫోను చేసి పెళ్ళానికి చెప్పిన సంగతి, తప్పిపోయిన సంబంధం, పోయిన బాడుగ, ఒక్కొక్కటీ బల్ల మీద మధ్యన కూర్చునేది. నిజానికి అవి పెద్ద విషయాలు కావు. కానీ ఇరవై ఒక్క రోజులు, రోజుకు పదిసార్లు, పట్టుదలగా తలుచుకున్న దాన్ని ఇరవై రెండో రోజు ఎలా మర్చిపోవాలో వాళ్ళకు తెలియలేదు. తవ్వడానికైతే కట్టుబాటు ఉంది. పూడ్చడానికి ఏమీ పెట్టుకోలేదు. సైదాబీ నెల రోజులు ప్రతి ఆటోకూ గరిటె ఎత్తింది. తర్వాత దాన్ని కుండలోనే ఉంచేసింది.

యలమంద ఆమె మీద కోపంతోనే ఉన్నాడా అంటే, ఆ మాట అతనికే తెలియదు. కొన్ని రోజులు ఆమె తప్పేమీ లేదనుకునేవాడు. తాగింది తను, లేవనిది తను. కొన్ని రోజులు ఆ ఒంటిగంట నుంచి మూడు దాకా ఒక్కొక్క నిమిషం లెక్కపెట్టుకునేవాడు. ఆ రెండు గంటల్లో నాంచారమ్మ తలుపువైపు ఎన్నిసార్లు చూసి ఉంటుందో అని లెక్క. రోజూ పద్దెనిమిది సార్లు మలుపు తిరిగేవాడు. పద్దెనిమిది సార్లూ చేతులు బిగిసేవి. బామ్మర్దికి ఒకసారి ఫోను చేసి, మోగకముందే పెట్టేశాడు.

ఒక మధ్యాహ్నం, మిరపకాయల సీజను అయిపోయి దారి పల్చబడ్డాక, అతను ఆటోను జిన్నింగ్ మిల్లు దగ్గర ఆపి రాళ్లమలుపుకు నడిచి వచ్చాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. సైదాబీ అతన్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. యలమంద బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూశారు. దూరంగా వంతెన మీద బండ్లు ఎండలో తళతళా పోతున్నాయి.

"నాకు చెప్పకుండా ఉంటే పోయేది," అన్నాడు యలమంద. "షెడ్డు పోతే పోయేది. నేను మీ అమ్మాయి ఇంటికే వచ్చేవాణ్ణి మజ్జిగకు."

"తెలుసు," అంది సైదాబీ. "మీరంతా వచ్చే చోటు పోద్దేమోనని భయపడ్డా. చోటు ఉంటే చాలనుకున్నా."

ఆమె లేచి, నిలబెట్టి ఉన్న ఒక్క కుండలోంచి మజ్జిగ ముంచి, ఇత్తడి లోటా నింపి అతనికిచ్చింది. అతను అందుకున్నాడు. కరివేపాకు, అల్లం, అదే వాసన. నోటి దాకా తెచ్చుకుందామనుకున్నాడు. లోటా ఒరిగి మజ్జిగ మణికట్టు మీదుగా కారింది.

సైదాబీ అతని వేళ్ళ వైపు చూసింది. కణుపులు తెల్లగా ఉన్నాయి.

"వదులుగా పట్టుకో తమ్ముడా," అంది మెల్లగా. "ఇక్కడ పిడి లేదు."

యలమంద తన చేతిని చూసుకున్నాడు. వదులు చేద్దామని నిజంగానే ప్రయత్నించాడు. రెండో చేత్తో ఒక వేలు పట్టుకుని తీయబోయాడు కూడా. అది రాలేదు.